కచ్చా మసాలాతో నిలిచిన పన్ను

పని కోసం వలస వచ్చిన తెలుగువాళ్లుండే నవాగామ్‌లోని సారక్క ఇంటికి చీరలు కట్టలు కట్టలుగా వస్తాయి. అంచులకు గమ్ముతో తెల్లరాళ్లు అతికించి, వేలాడే దారాలు తీసి ఇవ్వడం ఆమె పని. దారానికి కత్తెర వెతకదు, పంటితో పుటుక్కున కొరికేస్తుంది. కూతురు మధులత ప్యాకింగ్ పనికి వెళ్లాక మనవరాలు మనోజ్ఞ ఆ చీరల మధ్యే పాకుతూ ఉంటుంది. దొరికిందల్లా నోట్లోకే.

సారక్క దవడ పన్నుకు టోపీ, అదే క్యాప్, తొడిగిన రోజు డాక్టరమ్మ హిందీలో చెప్పింది, ఇప్పుడు టోపీని అతికించింది కచ్చా మసాలాతో, కొన్నాళ్లకే అని, చిగుళ్ల వాపు తగ్గాక వస్తే పక్కాది పెడతానని. సారక్క తలూపింది. కానీ ఆమెకు తెలిసింది రాళ్ల గమ్ము. ఒకసారి ఆరి, గోటితో గీకినా రాయి కదల్లేదంటే ఇక ఊడదు. టోపీని కూడా అలాగే చూసుకుంది. దారం కొరికింది, కదల్లేదు. మక్కకంకి నమిలింది, కదల్లేదు.

"మళ్ల ఎందుకు పోవుడే? రాయి లెక్క ఉన్నది," అంది కూతురితో.

పంటి మసాలా ఆరిన తర్వాత కూడా ఉమ్మిలో కొద్దికొద్దిగా కరుగుతుంది. పక్కాది ఏళ్లు నిలుస్తుంది. కచ్చాది మళ్లీ తీయడానికి వీలుగా, కొన్ని వారాల కోసమే కలుపుతారు. సారక్క టోపీ కింద అది నెలల తరబడి చడీచప్పుడు లేకుండా కరిగింది.

ఒక మధ్యాహ్నం చాయ్ తాగుతుంటే పన్ను జివ్వుమంది. నాలుక పెడితే మొండి పన్ను తగిలింది. టోపీ ఎప్పుడు ఊడిందో తెలియదు. చీరలు దులిపింది, చాప ఎత్తి చూసింది. వెనక మనోజ్ఞ దగ్గింది.

టోపీ మింగిందేమోనని పిల్లను తీసుకెళ్తే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. పొట్టలో తెల్లగా చిన్నదేదో ఉంది, దానంతటదే దిగిపోతుంది, కనిపెట్టుకుని ఉండమన్నారు.

"దవాఖానకు పో అని కబ్‌సే చెప్తున్న మమ్మీ! ఇప్పుడు చూడు, నీ దాంత్ నా బిడ్డ కడుపుల!" అంది మధులత.

పిల్ల నవ్వినప్పుడల్లా, కొత్తగా వచ్చిన రెండు పాలపళ్ల వెనక సారక్కకు తన దవడ పన్ను కనిపించేది. అన్నం తింటుంటే తన నోట్లో తనే వెతుక్కునేది.

చివరికి అది బయటపడింది. మధులత కడిగి చూసి, ఊపిరి పీల్చుకుని పగలబడి నవ్వింది.

"దాంత్ కాదే మమ్మీ! చీర రాయి!"

ఇత్తడి అంచున్న తెల్లరాయి. సారక్కకు నవ్వు రాలేదు. టోపీ కోసం ఇల్లంతా గాలించింది కానీ, ఈ రాయి పోయిన సంగతే ఆమెకు తెలియదు. ఇలా ఇంతకుముందు ఎన్ని పోయాయో.

టోపీ మాత్రం దొరకలేదు. ఆ వారమే వెళ్లి కొత్తది పక్కా మసాలాతో పెట్టించుకుంది. ఏళ్లకేళ్లు ఉంటుందని డాక్టరమ్మ అంటే, "ఉన్నట్టే ఉంటది అమ్మా, ఎప్పుడు పోతదో తెల్వది," అంది మెల్లగా.

ఇప్పుడు రాళ్లు అతికించేటప్పుడు పిల్లను పక్కింటి తిరుమల దగ్గర వదిలి వస్తుంది. తలుపు గడియ పెట్టుకుని, కత్తెర పక్కనుంచుకుని కూర్చుంటుంది. అయినా ఒక్క రాయి జారి గచ్చు మీద టిక్కుమంటే చాలు, చేతిలో పని ఆగిపోతుంది. ఖాళీ గదిలో వెనక నుంచి ఎవరో దగ్గారేమోనని చెవులు రిక్కిస్తుంది.