పోపుకి సరిపడా కొబ్బరినూనె

ఊపిరందక ఆసుపత్రిలో పడుకున్న అయిదు నెలల కూతురి బుగ్గలకి కొబ్బరినూనె రాసిన తెలివిగలవాణ్ణి నేనే. బుగ్గలు పొడిబారి కనిపించాయి, డైపర్ బ్యాగులో సీసా ఉంది, నా చేతులు ఖాళీగా ఉన్నాయి. అంతకన్నా కారణం నాకు అక్కర్లేకపోయింది.

జలుబే కదా అని తీసుకెళ్తే, ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నాయి. ముక్కుపుటాల్లో రెండు మెత్తని గొట్టాలు పెట్టి, వాటిని బుగ్గలకి టేపుతో అంటించి, వెచ్చని తడిగాలి గట్టిగా వదిలారు. అది చాలకపోతే గొంతులోకి గొట్టం వెయ్యాలని డాక్టరు ముక్కుసూటిగా చెప్పింది.

టేపు ఊడొస్తోందని నర్సు కొత్తది తేవడానికి వెళ్ళిన కాస్సేపట్లోనే నా వైద్యం ముగిసింది. ఆమె తెచ్చిన టేపు అంటుకోలేదు. గొట్టాలు జారాయి. యంత్రం కూత పెట్టింది.

ఈ దేశంలో పిల్లల వార్డులో తండ్రులకి పేర్లుండవు, అందరూ ‘డాడ్’లే. మా అమ్మ వయసున్న ఆ నర్సు నన్ను అలా పిలిస్తే లేచి నిలబడాలనిపించేది.

“డాడ్, బుగ్గలకి ఏం రాశారు?”

“కొంచెం... కోకోనట్ ఆయిల్.”

“కొంచెమా? పోపు పెట్టచ్చు!” అంది మా ఆవిడ తెలుగులో.

నర్సు నూనె తుడిచి, టేపు వేసి, అది గట్టిగా అంటుకునేదాకా గొట్టాల్ని వేళ్ళతో పట్టుకోమంది. ఏడవనివ్వద్దు, ఏడిస్తే ఊపిరికి మరీ కష్టమంది. నన్ను జిడ్డు మనిషని మా ఆవిడ ఏనాడో తేల్చింది. ఆ రోజు అదే నా ఉద్యోగమైంది. టేపు గట్టిగా అంటుకున్నాక కూడా నేను గొట్టాల్ని వదల్లేదు. వచ్చిన జోలపాటలు రెండూ అయిపోయాక ఎక్కాలు రాగం తీశాను. పదమూడో ఎక్కం దగ్గర నేను తడబడ్డాను గాని, పిల్ల నిద్రపోయింది.

సాయంత్రానికి ఆ గుంటలు తగ్గాయి. డాక్టరు గొంతు గొట్టం మాట మళ్ళీ ఎత్తలేదు. గాలి మెల్లమెల్లగా తగ్గిస్తూ, చివరికి గొట్టాలు తీసేసి ఇంటికి పంపారు.

ఇన్నాళ్ళూ ఏడవకుండానే మమ్మల్ని ఏడిపించిన కూతురుగారి మీద ఇంట్లో కక్ష తీర్చుకున్నాను. కాళ్ళు చాపి, వాటి మీద పడుకోబెట్టి, తలమీంచి గోరువెచ్చని నీళ్ళు పోశాను. ఇల్లెగిరిపోయేలా అరిచింది.

“చాలు, ఆపు! గుక్క తిప్పుకోకుండా ఏడుస్తోంది, పాపం!” అని పరిగెత్తుకొచ్చింది మా ఆవిడ.

“ఆ గుక్క ఎంత పొడుగో వినవే!” అని ఇంకో మగ్గు పోశాను.