విత్తనపు పొట్టేలు... మా చిట్టి

మా చిన్నప్పుడు... నాన్న ఏ పొట్టేలు దగ్గరికి వెళ్ళినా ముందు దాని మొహం చూసేవాడు కాదు. వెనక్కి వెళ్ళి తొడ పట్టుకునేవాడు! తర్వాత నడుం మీద నాలుగు వేళ్ళూ ఆనించి నొక్కేవాడు. కండ గట్టిగా తగిలితే మీసం కింద చిన్న నవ్వు... "పెళ్ళిచూపుల్లో నా మొహమైనా చూశాడో లేదో" అని అమ్మ ఆటపట్టించేది.

పామర్రు దగ్గర కాలవ గట్టు పక్కన ఉండేవాళ్ళం. మాకో గొర్రెల మంద. బెజవాడలో మటన్ కొట్టు నడిపే బాషా గారు అప్పుడప్పుడూ వచ్చి పొట్టేళ్ళను తోలుకెళ్ళేవారు. ఒకసారి ఆయన గట్టు మీద కూర్చుని టీ తాగుతూ అన్నారు...

"జనం మారిపోయారు సాంబయ్యా. కొవ్వు కనపడితే కొట్టు దిగి పోతన్నారు. కండ కావాలంట. తొడలు బాగా పట్టిన సరుకు చూడు."

ఆ మాట నాన్న బుర్రలో దూరింది. ఎక్కడెక్కడో తిరిగి ఒక ఎర్ర పొట్టేలును తెచ్చాడు. దానికి దొర అని పేరు పెట్టాం. నడుస్తుంటే దాని తొడలు ఒకదానికొకటి రాసుకునేవి. దానికి పుట్టిన మగపిల్లల్లో బాగా కండ పట్టినదాన్ని ఒక్కదాన్నే మళ్ళీ విత్తనానికి ఉంచుకోవడం, మిగతావన్నీ కోతకు పంపేయడం... ఏటా అదే పద్ధతి.

అయితే దొరను అన్ని గొర్రెల మీదికీ వదిలేవాడు కాదు నాన్న. దాని పిల్లలు కడుపులోనే భారీగా పెరిగేవి. చిన్న గొర్రెలు వాటిని ఈనలేవు. అందుకని దొర పొట్ట కింద అడ్డంగా గోనెగుడ్డ వేలాడదీసి పురికొసతో కట్టేవాడు. అది ఉన్నంతసేపూ ఎన్ని గొర్రెల వెంట పడినా దాని ఆటలు సాగవు. పెద్ద గొర్రె ఎదకొచ్చినప్పుడే విప్పడం. చిన్నవాటికి మా ముసలి పొట్టేలే దిక్కు...

చిట్టి నా గొర్రె. తల్లి పోతే సీసాతో పాలు పట్టి పెంచాను. నేను బడి నుంచి వస్తుంటే అరుచుకుంటూ గట్టు మీదికి ఎదురొచ్చేది. ఆ ఏడు అది మొదటిసారి ఎదకొచ్చింది.

నాకప్పుడు పదేళ్ళు. ఒక దిగులు పట్టుకుంది... చిట్టికి మగపిల్ల పుడితే? ముసలి పొట్టేలు పిల్ల బక్కగా ఉంటుంది, బాషా గారు తోలుకెళ్ళిపోతారు. అదే దొర పిల్ల అయితే? బాగా కండ పడుతుంది, నాన్న విత్తనానికి ఉంచుకుంటాడు. కత్తి దాకా పోదు.

ఆ వయసు బుర్రకు అంతకంటే గొప్ప ఉపాయం తట్టలేదు!

ఒక మధ్యాహ్నం నాన్న చెట్టు నీడన కునుకు తీస్తుంటే, దొర పొట్ట కింద ముడి విప్పేశాను. చిట్టిని తీసుకెళ్ళి దాని దగ్గర వదిలాను. పని అయ్యాక గుడ్డ మళ్ళీ కట్టబోతే నాకు చేతకాలేదు. అక్కడే పడేసి వచ్చేశాను.

నాన్న లేచేసరికి గుడ్డ నేల మీద, చిట్టి దొర పక్కన. అమ్మ ఊరుకుంటుందా?

"ఒక్క ముడి సరిగా వెయ్యలేవా ఏమయ్యా! ఆ పసిది ఎట్టా ఈనుద్దనుకున్నావ్?"

నాన్న వంగి గుడ్డ తీసి మళ్ళీ కట్టి, ముడిని రెండుసార్లు లాగి చూశాడు. దడి చాటున నిలబడి నేను అంతా విన్నాను.

కార్తీకం ముసురులో చిట్టికి నొప్పులొచ్చాయి. పొద్దున మొదలైనవి మధ్యాహ్నమైనా తేలలేదు. పశువుల డాక్టరు గారి కోసం నాన్న సైకిలేసుకుని వెళ్ళి, ఆయన లేరని తడుస్తూ తిరిగొచ్చాడు. పిల్ల ముక్కు, ఒక కాలు బయటికి కనిపిస్తున్నాయి. భుజాల దగ్గర ఇరుక్కుపోయింది. అమ్మ చెయ్యి లోపలికి పట్టలేదు.

"నీది చిన్న చెయ్యి. ఆముదం రాస్తాను, పెట్టమ్మా. రెండో కాలు అందితే మెల్లగా లాగు" అంది.

పెట్టాను. లోపల వెచ్చగా, బిగుతుగా ఉంది... కాలు దొరికింది. చిట్టి తల తిప్పి నన్నే చూస్తోంది. ఏడుస్తూనే లాగాను. పిల్ల వచ్చింది. దాని వెనకే రక్తం... ఎంతకీ ఆగలేదు.

పొద్దు వాలేలోపే చిట్టి పోయింది.

పిల్ల బతికింది. మగపిల్లే. నాన్న దాన్ని గడ్డితో తుడుస్తూ, అలవాటుగా తొడ పట్టి చూశాడు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ముడి నేనే వదులుగా కట్టాను" అన్నాడు. నేను గడ్డితో నా చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాను.

నేను కోరుకున్నట్టే దాన్ని విత్తనానికి ఉంచారు. చుట్టుపక్కల మందలవాళ్ళూ దాని పిల్లల్ని అడిగి పట్టుకెళ్ళారు. కండకు సాంబయ్య గొర్రెల్నే చెప్పుకోవాలనేవారు. నేను కాపాడాలనుకున్నది నిజంగానే బతికింది... అది ఎన్ని మందల్లో ఎన్ని తల్లుల ప్రాణం మీదికి తెచ్చిందో నేను ఇప్పటికీ ఎవర్నీ అడగలేదు.

దొర రాకముందు మా గొర్రెలు మేస్తూ మేస్తూ పక్కకెళ్ళి ఈని, పిల్లను నాకి, మళ్ళీ మందలో కలిసిపోయేవి. ఇప్పుడు ఒక గొర్రెకు నెలలు నిండాయంటే నాన్న ముందే డాక్టరు గారికి ఫోన్ చేసి పెట్టుకుంటున్నాడు. ఇక్కడ బెజవాడలో ఆదివారం పూట కొట్టు దగ్గర అందరిదీ ఒకే మాట... "కొవ్వు తీసేసి తొడ కండ వెయ్యండి." అబద్ధమెందుకు, నేనూ అదే అడుగుతాను.

నాన్న ఏ ముడి వేసినా ఇప్పటికీ రెండుసార్లు లాగి చూస్తాడు. చాదస్తమని తమ్ముడు నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాదు. నా పోస్టులన్నీ వాడి చేత చదివించుకుంటాడు నాన్న. ఇదీ వింటాడు.

నాన్నా... నువ్వు గట్టిగానే కట్టావు. విప్పింది నేను.

మీరు చేసిన తప్పును మీ ఇంట్లో ఇంకెవరైనా ఇన్నేళ్ళుగా మోస్తున్నారా? ఉంటే ఇక్కడ రాయండి... కాదు, ముందు వాళ్ళకే ఫోన్ చేయండి. నాకు ఆ ధైర్యం చాలకే ఇక్కడ రాస్తున్నాను.