పెదవులు మూసుకుని నేర్చిన ఇంగ్లీషు

మా ఇంట్లో కాగితం మీద ఉన్నది ఏదైనా సరే, రాగం తీసి చదవాల్సిందే. నాయన పద్యాలను రాగంతో చదివేవాడంటే అది సరే. అక్క రాసిన ఉత్తరాన్నీ, శిస్తు రసీదునూ కూడా అట్లాగే చదివేవాడు. "ఊరికే సదివితే అది సదువెట్లయితాది? వసపిట్ట వాగుడైతాది" అనేవాడు. నా చేత పద్యం చదివించి, తొడ మీద చేత్తో తాళం వేస్తూ కళ్లు మూసుకునేవాడు.

అందుకే యుద్ధం రోజుల్లో చిత్తూరు మిషను ట్రైనింగు స్కూల్లో చేరిన మొదటి రోజు, దొరసాని ఇంగ్లీషు పాఠం చదవమంటే నేను లేచి, గొంతు సవరించుకుని రాగం ఎత్తుకున్నాను. సంతలో ఆవును కొనే పాఠం అది. ఆ ఆవు సాక్షాత్తూ కామధేనువైనట్టు సాగదీసి పాడాను. పిల్లలు బల్లల మీద పడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. దొరసాని మాత్రం నవ్వలేదు. "చాలా బాగున్నది. కాని ఇది ఇంగ్లీషు కాదు" అంది, తనకొచ్చిన పుస్తకాల తెలుగులో.

వాళ్లకేం, నవ్వుతారు. బతుకు నాది. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోయి, బంగారుపాళ్యం దగ్గర మా ఊళ్లో వదిన వంటింట్లో పడి ఉన్నదాన్ని. చదువు చివర స్కూళ్ల ఇనస్పెక్టరు ముందు ఇంగ్లీషు గట్టిగా చదివి మెప్పిస్తేనే పంతులమ్మ ఉద్యోగం. లేకుంటే మళ్లీ ఆ పొయ్యి దగ్గరికే.

దొరసాని పద్ధతి విచిత్రం. ముందు వాక్యం నడక, మాటలు ఆ తర్వాత అనేది. పెదవులు బిగించి వాక్యం మొత్తాన్నీ ముక్కుతో మూలగమనేది: ఒకచోట బరువు, తక్కినదంతా పరుగు. వరండాలో నడిపిస్తూ, బరువు పడినచోటే అడుగు వేయమనేది. నాకది అన్యాయంగా తోచింది. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి ఉంటుంది. ఇంగ్లీషేమో ఒకదాన్ని పల్లకీ ఎక్కించి, తక్కినవాటి చేత మోయిస్తుంది. దొరల భాషకు దొరల బుద్ధి కాక ఇంకేం వస్తుందిలే అని లోపల తిట్టుకుంటూనే మూలిగాను.

హాస్టల్లో నా పక్కన కూర్చుని తినేవాళ్లు లేరు. మిషను పిల్లలకు నేను బయటి మనిషిని. హిందువుల పిల్లలకు ఎదురు రాకూడని మనిషిని. ఆదివారాలు అందరికీ ఎవరో ఒకరు వచ్చేవారు, నాకోసం ఎవరూ వచ్చేవారు కాదు. గోడవైపు తిరిగి కూర్చుని మూలిగేదాన్ని. అర్థం లేని ఆ శబ్దమే నాకు తోడు. అది కూడా లేకుంటే ఏడ్చి చచ్చేదాన్ని.

మామిడికాయల కాలంలో సెలవులకు ఊరికి పోయినప్పుడు, మరచిపోతానేమోనని రుబ్బురోలు దగ్గర కూడా అదే పని. వదిన జడుసుకుంది. "సూడు మామా, దీనికేదో గాలి సోకినట్టుండాది. నోరు తెరవకుండా ఒకటే మూలుగుతాండాది!" అంటూ వేపమండలు పట్టుకొచ్చింది.

"సదువుకుంటాండాది లేమ్మా" అని నాయన ఆమెను పంపించి, నా పక్కన కూర్చుని కాసేపు విన్నాడు. "రాగం యాడుండాది తల్లీ ఇందులో?"

"దీనికి రాగం లేదు నాయనా."

"అయ్యో పాపం" అన్నాడు, ఇంగ్లీషు మీద నిజంగానే జాలిపడి.

పరీక్ష రోజు ఇనస్పెక్టరు పుస్తకం చేతికిచ్చాడు. నోరు తెరవబోతే నాయన రాగమే గొంతులోకి ఎగదన్నుకుని వచ్చింది. పెదవులు బిగించి మొదటి వాక్యాన్ని లోలోపలే ఒకసారి మూలిగి, తర్వాత చదివాను. ఆయన విని "ఏ దొరల ఇంట్లో పెరిగావమ్మా?" అని అడిగాడు. నాకు తిరుపతిలో ఉద్యోగం వచ్చింది.

ఆ కబురుతో ఊరికి పోయేసరికి నాయనకు చూపు సరిగా ఆనడం లేదు. పొంగిపోయాడు. "పద్యం విని శానా దినాలైంది. సదువు తల్లీ" అని తొడ మీద చెయ్యి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

చిన్నప్పుడు ఆయన నేర్పిన పద్యమే ఎత్తుకున్నాను. రాగం గుర్తుంది. గొంతే మాట వినలేదు. ఒక అక్షరం మీద గుద్ది, తక్కినవాటిని పరుగెత్తించింది. సాగదీయాల్సిన చోట తుంచేసింది. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అంతే. నాయన చెయ్యి తొడ మీద కాస్త ఆడి, ఆగిపోయింది.

"అలిసిపోయినట్టుండావు. పండుకో పో తల్లీ. పద్యం యాడికి పోతాది, రేపు సదువుదువులే."

మర్నాడు అడగలేదు. తిరుపతి బస్సెక్కేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను. నాయన మళ్లీ నన్ను పద్యం చదవమనలేదు.