నాలుక కొసన చేదు

మా సైన్సు అయివారు పోయారన్న కబురు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పొద్దున ఎనిమిదింటికే వచ్చిందట. నేను చూసింది సాయంత్రం నాలుగున్నరకు. ఆ రోజు బడిలో హాజరు ఫొటోలు, భోజనం ఫొటోలు, ఏవేవో పట్టికలు ఫోనులో ఎక్కించడంతోనే సరిపోయింది. చిత్తూరు బస్టాండులో నిలబడి ఫోను తెరిస్తే, దండ వేసిన ఆయన పాత ఫొటో, దాని కింద వరసగా దండాలు పెట్టే చేతుల బొమ్మలు. అప్పటికే ఆయన ఊరు పాకాలలో దహనం కూడా అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు. కూర్చోవడానికి ఎక్కడైనా చోటు దొరికితే బాగుండు అనిపించింది, అంతే. ఈ మధ్య నాకు దేనికైనా ముందు అలసటే వస్తోంది. దుఃఖం ఆ తర్వాత ఎప్పుడో తీరిక చూసుకుని వస్తోంది.

మా చిత్తూరు వైపు పల్లెల్లో బడిపంతులును అయివారు అంటారు. ఆయన పాకాల నుంచి పాసింజరు రైల్లో వచ్చి, పూతలపట్టులో దిగి, స్టేషను పక్కన ఒక ఇంట్లో పెట్టుకున్న సైకిలెక్కి మా హైస్కూలుకు వచ్చేవారు. రైలు ఆలస్యమైతే ప్యాంటు అంచుకు పెట్టుకున్న క్లిప్పులు తీయకుండానే పాఠం మొదలుపెట్టేవారు. సుద్దముక్క పొడి ఎప్పుడూ ఎడమ చొక్కాచేతికే తుడుచుకునేవారు. నెలాఖరుకు ఆ చేయి ఒక రంగు, ఈ చేయి ఒక రంగు.

శుక్రవారం చివరి పీరియడు మా ప్రశ్నలకు. బల్ల మీద ఖాళీ బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో ఎవరికి తోచిన ప్రశ్న వాళ్లు చీటీ మీద రాసి వేయాలి. పాఠ్యపుస్తకంలో ఉన్న ప్రశ్న మాత్రం వేయకూడదు. పాలు పొంగుతాయి, నీళ్లు ఎందుకు పొంగవు అని ఒకరు రాశారు. పాల మీద కట్టే మీగడ పొర కింది ఆవిరిని పోనివ్వదని, ఆ ఆవిరి పొరను మొత్తంగా పైకి ఎత్తుతుందని, గరిటెతో కలిపితే దారి దొరుకుతుందని చెప్పారు. ఎవరూ లేని గదిలో ఫ్యాను వేసి తలుపు మూస్తే గది చల్లబడుతుందా అని ఇంకొకరు అడిగారు. క్లాసంతా చల్లబడుతుందనే అంది. ఆయన వాదించలేదు. మర్నాడు పొద్దున ల్యాబులోంచి ఉష్ణమాపకం తెచ్చి హెడ్మాస్టరు గదిలో ఉంచి, ఫ్యాను వేసి, భోజనాలయ్యేదాకా తలుపు మూసి పెట్టించారు. తెరిచి చూస్తే వేడి ఒక్క గీతయినా తగ్గలేదు. ఫ్యాను గాలిని చల్లబరచదని, మన ఒంటి మీది చెమటను ఆరబెడుతుందని, ఆరుతూ ఆ చెమట ఒంటి వేడిని తీసుకుపోతుందని అప్పుడు చెప్పారు. ఒళ్లే లేని గదిలో ఫ్యాను ఎవరిని చల్లబరుస్తుంది? పైగా తిరిగే మోటారు వేడి గదిలోకే వస్తుంది. ఆ రోజు ఇంటికి వెళ్లి ఈ మాట చెబితే మా అమ్మ నమ్మలేదు.

తెలియని ప్రశ్నను నల్లబల్ల కుడి మూల రాసేవారు. జవాబు దొరికేదాకా దాన్ని ఎవరూ తుడపకూడదు. ఆదివారాలు తిరుపతికి వెళ్లి, అక్కడ కాలేజీలో చెప్పే స్నేహితుణ్ణి అడిగి వచ్చేవారు. ఒక్కో ప్రశ్న రెండు నెలలు అక్కడే ఉండేది. ప్రయోగాల నోటుబుక్కులు దిద్దుతూ ఆయన ఎప్పుడూ అనేది ఒకటే మాట. "సూసింది రాయి పాపా. తెలవకపోతే తెలవదని రాయి."

ఈ మాటను ఆయన ఒక్కసారే తప్పారు. అది నా కోసమే.

తొమ్మిదో తరగతిలో నాలుక పాఠం వచ్చింది. పుస్తకంలో నాలుక పటం ఉంది. కొసన తీపి, పక్కల ఉప్పు, పులుపు, వెనక చేదు అని గీతలు గీసి చూపించారు. నేను చీటీ రాశాను. వేపపుల్లతో పళ్లు తోముకుంటే నాలుక కొసకే చేదు తగులుతుంది కదా, పుస్తకంలో వెనక అని ఎందుకుంది అని. అయివారు ఆ చీటీ రెండుసార్లు చదివి, నువ్వే కనుక్కో అన్నారు. నాయనకు కాణిపాకం గుడి వీధిలో బొరుగులు, కలకండ, బెల్లం అమ్మే చిన్న అంగడి ఉండేది. అక్కడి నుంచి బెల్లం తెచ్చాను. బెల్లం నీళ్లు, ఉప్పునీళ్లు, చింతపండు రసం, వేపాకు నూరి కలిపిన నీళ్లు నాలుగు గ్లాసుల్లో పెట్టుకుని, చీపురుపుల్లలకు దూది చుట్టి, క్లాసులో ఇరవైమందికి కళ్లు మూయించి నాలుక మీద అక్కడక్కడా అద్దాను. ఇంచుమించు అందరికీ అన్ని రుచులూ అన్నిచోట్లా తెలిశాయి. అదే చార్టు మీద గీశాను. దాన్ని చిత్తూరులో జరిగే సైన్సు పోటీకి పంపుదామన్నారు.

పోటీకి ముందురోజు ఆయన ఆ చార్టును చాలాసేపు చూశారు. తర్వాత, పుస్తకంలో ఉన్నట్టే మళ్లీ గీసుకుని రమ్మన్నారు. మరి మేం చూసిందో అని అడిగాను. ఆయన నా వైపు చూడలేదు.

"వాళ్లు పుస్తకం పెట్టుకోని మార్కులేస్తారు పాపా. పో, గీసుకోనిరా."

గీశాను. మొదటి బహుమతి వచ్చింది. పదో తరగతి కాగానే నన్ను చదువు మాన్పించి అంగట్లో కూర్చోబెట్టాలని నాయన అప్పటికే తీర్మానించి ఉన్నాడు. బహుమతిగా ఇచ్చిన షీల్డును మాత్రం కలకండ సీసాల పక్కన పెట్టుకుని, వచ్చిన ప్రతి యాత్రికుడికీ చూపించాడు. మరుసటి ఏడు అయివారు అంగడికి వచ్చి, ఈ పాపను చిత్తూరు కాలేజీలో చేర్చు అప్పా అంటే నాయన కాదనలేకపోయాడు. అలా నేను చదివాను. సైన్సు టీచరునే అయ్యాను. ఎన్నో ఏళ్లు నా పిల్లలకు రంగు సుద్దలతో ఆ నాలుక పటమే గీసి చూపించాను. చీపురుపుల్లల సంగతి నాకు గుర్తుకు కూడా రాలేదు.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఆయన చెప్పాపెట్టకుండా చిత్తూరులో మా ఇంటికి వచ్చారు. బాగా చిక్కిపోయారు. పాకాల నుంచి బస్సులో నిలబడే వచ్చారట. అన్నం తినమంటే వద్దని, మజ్జిగ మాత్రం పుచ్చుకున్నారు. నేను అప్పుడే పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ నుంచి వచ్చి ఉన్నాను. కళ్లు మండుతున్నాయి. ఆయన గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టారు.

"ఆ దినం నీకు చార్టు మార్చమని చెప్పి ఇంటికి పోయినాక, నేనూ వేపాకు నూరి నాలుక కొసన పెట్టుకోని సూసినానమ్మా. చేదుగానే ఉండింది. పొద్దున్నే వచ్చి నీకు చెప్పుండాల. చెప్పలేదు. నీ చేత అబద్ధం గీయించినాను."

ఆ పటం తప్పని శాస్త్రవేత్తలే తేల్చారని, నాలుక మీద రుచి తెలిసే చోట్లన్నిటికీ అన్ని రుచులూ తెలుస్తాయని, ఉంటే గింటే కొద్దిపాటి తేడాలేనని ఆయన చాలా ఏళ్ల తర్వాత చదివారట. నేను ఆయనను ఊరడించబోయాను. ఆ బహుమతి లేకపోతే నాయన నన్ను చదివించేవాడే కాదని, నా బతుకు ఇలా ఉండేదే కాదని అన్నాను.

"అదే కదమ్మా. నీకు మంచి జరిగింది కదా అని ఇన్నేండ్లూ ఊరకుండిపోయినా. నువ్వూ టీచరైతివి. ఎంతమంది పిల్లోళ్లకు ఆ పటం గీసింటావో అని ఈ నడుమ అదే తలపు."

నాకు ఎక్కడో చురుక్కుమంది. షీల్డును చేతిలోంచి లాక్కున్నట్టనిపించింది. "ఇప్పుడు అవన్నీ ఎవురికి కావాల సార్, వదిలేయండి" అన్నాను. గొంతులో విసుగు నాకే వినిపించింది. ఆయన సరేమ్మా అని లేచి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

బడులు తెరిచిన కొన్నాళ్లకు ఎనిమిదో తరగతిలో జ్ఞానేంద్రియాల పాఠం వచ్చింది. అలవాటు కొద్దీ బల్ల మీద నాలుక ఆకారం గీశాను. లోపల గీతలు గీయడానికి చేయి రాలేదు. పిల్లల వైపు తిరిగి, ఇన్నాళ్లూ ఈ పాఠంలో నేను గీసి చూపిన రుచుల పటం తప్పని చెప్పాను. ముందు వరసలో ఒక అమ్మాయి లేచి, "అయితే మా అక్కకు మీరు చెప్పింది తప్పా మేడమ్?" అంది. అవునన్నాను. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు, నోటుబుక్కులో రాసుకుని కూర్చుంది. ఆ మాట చెప్పడానికి నేను పడిన భయమంతా అంతలోనే అయిపోయింది. మర్నాడు నాలుగు గ్లాసులు, చీపురుపుల్లలు తీసుకెళ్లాను.

సాయంత్రం పాకాలకు ఫోను చేశాను. అప్పటికి ఆయన మంచం పట్టారని నాకు తెలియదు. ఆయన భార్య ఫోను చెవి దగ్గర పెట్టింది. పిల్లల చేత చేయించానని చెబితే, ఎంతమంది చేశారని అడిగారు. ముప్పై ఇద్దరన్నాను.

"అందురికీ కొసన చేదు తెలిసిందా?"

"ఇద్దురికి తెలవలేదన్నారు సార్. వాళ్లు సరిగ్గా చేసినట్టు లేరు. మళ్లీ చేయిస్తా."

"చేయించు. కానీ ఇప్పుడు చెప్పింది కొట్టేయొద్దు. ఆ ఇద్దుర్నీ అట్లనే రాసి పెట్టు."

ఆయన నాతో మాట్లాడిన చివరి మాట అదే.

వారం తర్వాత ఆ ఇద్దరి చేత మళ్లీ చేయించాను. ఈసారి కొసన మాత్రమే కాకుండా నాలుకంతా చూశాను. ఇద్దరికీ ఎక్కడా సరిగా తెలియలేదు. కొందరికి కొన్ని రకాల చేదు పుట్టుకతోనే తెలియదని చదివాను. ఇది సార్‌కు చెప్పాలి అనుకున్నాను. ఆ వారం తనిఖీకి అధికారులు వచ్చారు. తర్వాతి వారం పరీక్షలు. ఆ తర్వాత నాకే జ్వరం. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే వాట్సాప్‌లో ఫొటో వచ్చింది.

ఆదివారం పాకాల వెళ్లాను. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆయన ఆ ముప్పై ఇద్దరు పిల్లల సంగతే చెప్పారని అంది. "ఆ ఇద్దురి సంగతి ఏమైందో అని అడగతా ఉండినాడమ్మా. ఫోను చేద్దామా అంటే వద్దనె. ఆ పాపకు పని జాస్తి, తీరినప్పుడు తనే చేస్తుంది అనె."

నేను ఆమెకు ఆ జవాబు చెప్పాను. ఆయనకు చెప్పాల్సిన జవాబు కాబట్టి మొత్తం చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, తన అత్తకు కూడా కాకరకాయ చేదు తెలిసేది కాదని, కూరలో చేదు చచ్చిందని ఎప్పుడూ మెచ్చుకునేదని అంది. ఇద్దరం కొంచెం నవ్వాం. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

వేసవిలో ఆయన మా ఇంటికి వచ్చిన రోజు సంగతి ఒకటి ఆమెకు చెప్పలేదు. విసుక్కుని ఎండలో పంపించేశానే అని మనసు ఒప్పక, కాసేపటికి గొడుగు పట్టుకుని ఆయన వెనకాలే బస్టాపుకు వెళ్లాను. ఆయన స్టాపులో లేరు. పక్కన పంక్చరు అంగడి ముందు ఉన్నారు. అంగడి మనిషి గాలి కొట్టిన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి మెల్లగా తిప్పుతున్నాడు. అయివారు మోకాళ్ల మీద చేతులు ఆనించి, అతని పక్కనే వంగి నీళ్లలోకి చూస్తున్నారు. పాకాల బస్సు వచ్చి ఆగింది. కండక్టరు రెండుసార్లు ఊరి పేరు అరిచాడు. బస్సు వెళ్లిపోయింది. ఆయన తల ఎత్తలేదు. తువ్వాలు భుజం మీద నుంచి జారి, దాని కొస నీళ్లలో తడుస్తోంది. సన్నటి బుడగలు ఒకదాని వెంట ఒకటి పైకి వస్తున్న చోటును ఆయన వేలితో చూపిస్తున్నారు.