యోహాను రెండో మానిటరు

నరసరావుపేట చరిత్ర రాయబూనిన వారెవరైనా కోర్టులకు ఒక అధ్యాయం, పత్తి వ్యాపారానికి ఒక అధ్యాయం కేటాయిస్తారు. చక్రధర్ స్టిక్కరుకు మాత్రం ఒక్క పేరా కూడా ఇవ్వరు. ఇది చరిత్రకారులు సరిదిద్దుకోవలసిన లోపం. ఇరవై రెండేళ్ళుగా అతని కొట్టు దీపశ్రీ కంప్యూటర్స్ గడప దాటిన ప్రతి కంప్యూటరూ ఆ స్టిక్కరు వేయించుకునే దాటింది. ఊళ్ళో గాలినిండా పత్తి నూగు కాబట్టి, పెట్టె వెనక వాడని సందులన్నిటినీ చక్రధర్ ముందు రబ్బరు మూతలతో మూసేవాడు. ఆ తర్వాత స్టిక్కరు అంటించి, సంధిపత్రం మీద రాజముద్ర వేస్తున్నంత గంభీరంగా బొటనవేలితో మూడుసార్లు రుద్దేవాడు. దాని మీద ఎర్రక్షరాలతో ‘ఇది చిరిగితే వారంటీ లేదు’ అని ఉండేది. కొన్నవాళ్ళు దాన్ని ఎంత భక్తిగా కాపాడుకున్నారంటే, వారంటీలు పోయాయి, ఆ వారంటీలిచ్చిన కంపెనీలు కొన్ని పోయాయి, స్టిక్కర్లు మాత్రం నిలిచాయి.

చక్రధర్‌కు యాభై రెండేళ్ళు. తాతా తండ్రీ పప్పులూ బెల్లమూ అమ్మిన చోటే అతను కంప్యూటర్లు పెట్టాడు. పెట్టిన కొత్తలో జనం బెంచీ మీద వరుసగా కూర్చుని, ఏది కొనమంటావని అడిగేవారు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా చెప్పేవాడు. ఇప్పుడు నిలబడే మాట్లాడుతున్నారు. ఫోను తీసి, ఇందులో ఇంతకే వస్తోంది, నువ్విస్తావా అని అడుగుతున్నారు. ఇంకా బెంచీ మీద కూర్చునేవాడు యోహాను ఒక్కడే. ఆ ఒక్కడూ ఉన్నంత కాలం తను సలహా చెప్పే వ్యాపారస్థుడు, వాడూ పోతే వట్టి స్క్రూలు బిగించే మనిషి. చక్రధర్ తన విలువ కట్టుకునే లెక్క ఇదే.

యోహానుది కోర్టు దగ్గర డీటీపీ సెంటరు. పొద్దున పిటిషన్లు, మధ్యాహ్నం పెళ్ళి పత్రికలు, శనివారమైతే సువార్త సభల పోస్టర్లు. కీబోర్డు నుంచి ప్రింటరు దాకా అతను కొన్నదంతా చక్రధర్ చెప్పిందే. ఈమధ్య ఉజ్వల అనే లాయరమ్మ పాత దస్తావేజుల స్కాన్లు పంపి, అన్నీ టైపు చేసిమ్మంది. ఒకే తెర మీద చూడడమూ కొట్టడమూ కుదరక, యోహాను మూతపడిన కోచింగ్ సెంటరు నుంచి ఇంకో మానిటరు తెచ్చుకున్నాడు. దాన్ని తగిలిద్దామంటే కంప్యూటరు వెనక మానిటరు కేబుల్ గుచ్చే పోర్టు ఒకటే కనపడింది, అందులో మొదటి మానిటరు ఉంది. బెంచీ దగ్గరికొచ్చి ఆ మాటే చెప్పాడు.

అయితే ఇంకో తెరకు దారిచ్చే గ్రాఫిక్స్ కార్డు లోపల వెయ్యాలన్నాడు చక్రధర్. లేచి వెళ్ళి పెట్టెను చూడలేదు. చూసి రోగం చెప్పడం కాంపౌండర్ల పని.

ఆ రోజు మొదలైన సంప్రదింపులు పదిహేడు రోజులు సాగాయి. రోజూ సాయంత్రం యోహాను రెండు టీలు చెప్పి ఏదో ఒక కార్డు పేరెత్తేవాడు. చక్రధర్ దాన్ని కొట్టిపారేసేవాడు. మూడు ఫ్యాన్ల కార్డు ఆటలాడుకునే వాళ్ళకి, దస్తావేజులకు అంత గాలి ఎందుకన్నాడు. ఎనిమిది జీబీ అంటే, వకాల్తా కొట్టడానికి లారీ ఇంజను కావాలా అన్నాడు. పవర్ సప్లై ఎన్ని వాట్లదో, కార్డు పొడుగెంతో, దేనికి ఏ కేబులో అన్నీ విడమర్చి చెప్పాడు. ఖరీదైనది అంటగట్టే అవకాశం ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నా, దాని మొహం చూడలేదు. పదిహేడో రోజున, ఫ్యాన్ లేని రెండు జీబీ కార్డు చాలని తీర్పిచ్చి, దాని పేరూ నంబరూ కాగితం మీద తన చేత్తో రాసిచ్చాడు. గుంటూరు నుంచి తెప్పిస్తానన్నాడు. యోహాను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగో రోజున యోహాను కొరియరు అట్టపెట్టెతో వచ్చాడు. లోపల అదే కార్డు, అదే నంబరు. సరిగ్గా వచ్చిందో లేదో పోల్చి చూడమని చక్రధర్ రాసిచ్చిన కాగితాన్నే చక్రధర్ చేతికిచ్చాడు. ఫోన్లో కొంటే ఒక బిర్యానీ ఖరీదంత తగ్గిందనీ, బిగించి పెట్టమనీ అడిగాడు.

రేపొచ్చి బిగిస్తానన్నాడు చక్రధర్.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని భార్య కోటేశ్వరికి జరిగిన ద్రోహాన్ని మొదటి టీ నుంచి వరసగా వినిపించాడు. ఆమె పెరుగు వడ్డిస్తూ అంతా వింది.

“మరి మొన్న మిక్సీ మనం ఏడ కొన్నాం? ఎదురుగా సాంబశివరావు అన్నయ్య కొట్టు కళ్ళబడలా?”

“అది వేరు.”

“ఏంది వేరు? ఆయనకీ బెంచీ ఉంది, మనకీ ఫోనుంది.”

చక్రధర్ పెరుగన్నం సగంలో వదిలేశాడు. తనను వెన్నుపోటు పొడిచినవాళ్ళ సంఖ్య ఒక్కరోజులో రెండుకు చేరింది.

మర్నాడు స్క్రూడ్రైవరు పట్టుకుని బయల్దేరాడు. కూలీ తీసుకోకూడదు, టీ తాగకూడదు, ఈ రెండూ దారిలోనే నిశ్చయించుకున్నాడు. వాళ్ళ స్నేహంలో మాటలు మానేస్తే అది చిన్న కోపం. టీ మానేస్తే పెద్ద కోపం. ఇన్నేళ్ళలో ఆ రెండోది ఒక్కసారి కూడా రాలేదు.

“టీ చెప్పనా అన్నా?”

“వద్దు.”

యోహాను మొహం వాడిపోయింది. చక్రధర్ కంప్యూటరును బల్ల మీద పడుకోబెట్టి, వెనక పేరుకున్న నూగును గుడ్డతో తుడిచాడు. తుడుస్తూనే, తల ఎత్తకుండా అన్నాడు.

“ఒక మాట అడుగుతా. పదిహేడు రోజులు నా బెంచీ మీద కూర్చున్నావు. నాకు తెలిసిందంతా ఊడ్చుకుపోయి, వస్తువు మటుకు మొహం తెలియనోడి దగ్గర కొన్నావు. నేను జేసిన తప్పేంది?”

యోహాను అబద్ధమాడే అలవాటు లేనివాడు.

“తప్పేం లేదన్నా. నొక్కితే ఇంటికొచ్చింది.”

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది చక్రధర్‌కు. ఇరవై రెండేళ్ళ నమ్మకం ఒక వేలి నొక్కుకు కూడా అడ్డం రాలేదన్నమాట. ఇదే ఆఖరు, కార్డు బిగించి వెళ్ళిపోతే మళ్ళీ ఈ మెట్లెక్కకూడదనుకున్నాడు. పక్కరేకు విప్పబోతే అంచు మీదుగా తన స్టిక్కరే అడ్డం వచ్చింది. ఎర్రక్షరాలు వెలిసి గులాబీ రంగుకు తిరిగాయి. గోటితో గీకబోయాడు.

“అన్నా, దాన్ని చింపమాకు. వారంటీ పోద్ది.”

“పోయి మూడేళ్ళయింది.”

“అయినా సరే, నేనెప్పుడూ ముట్టుకోలా. నువ్వు చిరగగూడదన్నావు గదా.”

స్టిక్కరు ఒక పక్క నుంచి ఊడొచ్చింది. దాన్ని అంటుకుని ఒక రబ్బరు మూత కూడా ఊడొచ్చింది. మూత ఊడిన చోటును చక్రధర్ చాలాసేపు చూశాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకున్నాడు. కంప్యూటరును లేపి నిలబెట్టి, రెండో మానిటరు కేబుల్ అక్కడ గుచ్చి, స్విచ్ వేశాడు.

రెండు తెరలూ వెలిగాయి.

యోహాను తెరల వంక చూశాడు. తర్వాత బల్ల మీద సీలు కూడా తియ్యని కార్డు పెట్టె వంక చూశాడు.

“అదేందన్నా, కార్డు ఇంకా పెట్టెలోనే ఉంది గదా?”

“తిప్పి పంపు. వారం లోపయితే తీసుకుంటారు.” చక్రధర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “టీ చెప్పు.”

ఆ పోర్టు ఆరేళ్ళ కిందట కంప్యూటరు కొన్ననాటి నుంచీ అక్కడే ఉంది. మూత నొక్కి, పైన స్టిక్కరు అంటించింది చక్రధరే.