కత్తుల బొమ్మకు బొట్టు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, ఇబ్రహీంపట్నంలో వదినా నేనూ పట్నం బస్సు కోసం ఎదురుచూస్తున్నాం. వదిన చంకలో పిల్లవాడి ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. బస్సు రాలేదు. పక్కన మనుషులు కూర్చునే తొట్టి ఉన్న పాత మిలిటరీ మోటారు సైకిలు ఒకటి వచ్చి ఆగింది.

"దవాఖానకా? ఎక్కున్రి, దింపుత" అన్నాడు నడిపే ఆయన.

వదిన కదల్లేదు. తొట్టి మీద రెండు కత్తుల బొమ్మ ఉంది. పోలీసు చర్యప్పుడు అలాంటి బొమ్మ ఉన్న బండి మీద వచ్చిన మిలిటరీవాళ్లే ఆమె తమ్ముణ్ణి పట్టుకుపోయారు. అతను తిరిగి రాలేదు.

"గా బొమ్మ తుడిచెయ్యి. లేకుంటే నేనెక్క" అంది.

"తుడవనక్కా. బర్మా లడాయిల గీ గుర్తు కిందనే నా దోస్తులు సచ్చిన్రు. కొత్త బండికి బొట్టు పెడ్తరు గద? దీనికి ఎవ్వరూ పెట్టలే. నా దోస్తుల పేరు మీద నువ్వే పెట్టు."

"పెండ్లికూతురా ఇది, బొట్టు పెట్టనీకి?"

పిల్లవాడు మూలిగాడు. వదిన తన నుదుటి కుంకుమను వేలితో తీసి కత్తుల మధ్య అద్దింది.

"మా తమ్మునికి గూడ" అంది.

"అవ్, ఆయనకు గూడ."

ఇద్దరం తొట్టిలో ఇరుక్కుని కూర్చున్నాం. పిల్లవాడు బతికాడు. ఆయన పేరు మాత్రం నేను అడగలేదు. ఇప్పుడు వీధిలో మోటారు సైకిలు చప్పుడైతే వదిన మునుపటిలా వెంటనే తలుపు మూయదు. ముందు ఎవరో చూస్తుంది.