ఆరిందా, ఆరిపోయిందా

సోమవారం పొద్దున జేబులాయన పరాయి జేబుల్లోంచి తీసినవి: ఒక పెన్ను, రెండు బస్సు టికెట్లు, సగం కొరికిన చాక్లెట్టు, ఒక పన్ను. పన్ను మనిషిదే. ఎవరిదో తెలియాలంటే ఆ ప్యాంటు కోసం వచ్చినాయన నవ్వేదాకా ఆగాలి.

ఆయనది లాండ్రీ. ఒక గది, గుండ్రటి అద్దం తలుపున్న పెద్ద మెషీను, ఇస్త్రీ బల్ల, నెత్తిమీద అడ్డంగా కట్టిన తీగలు. అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ వీధిలో ఎవరూ దాన్ని చదవలేదు. మెషీన్లో వేసేముందు ప్రతి జేబునీ నాలుక బయటపెట్టించినట్టు బయటికి లాగి చూస్తాడు కాబట్టి జేబులాయన. వీధిలో ఎవరికి ఏం పోయినా ముందు ఆయన్ని అడిగి, తర్వాత ఇల్లు వెతుక్కుంటారు.

అలాంటి మనిషి ఈమధ్య చొక్కాలు కాలుస్తున్నాడు. ఒక హెడ్ గుమస్తా ప్యాంటు మీద ఇస్త్రీపెట్టె అచ్చు అచ్చంగా దిగింది. కారణం నిద్ర. నెల రోజులుగా ఆయనకి నిద్ర లేదు.

నెల కిందట మామగారు మోకాలి వైద్యానికని కూతురింటికి వచ్చారు. నీళ్ల పంపుల దగ్గర ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. లోపలి గదిలో మంచం ఆయనకిచ్చారు. ముందు గదిలో జేబులాయన, భార్య. మధ్యలో తలుపు లేని గుమ్మం. మొదటి రాత్రే ఆ గుమ్మంలోంచి గురక నడిచొచ్చింది.

గురక పెట్టడం వరకు ఎవరైనా క్షమిస్తారు. మామగారి తీరు వేరు. తన గురకకి తనే ఉలిక్కిపడి లేచేవారు. లేచి, "అమ్మాయ్, మీ ఆయన గురకకి పెంకులు లేచిపోతున్నాయే!" అని కేకేసేవారు. ఆవిడ పక్కన బ్యాండు మేళం వాయించినా లేవని మనిషే గానీ, తండ్రి పిలిస్తే మాత్రం ఠక్కున లేస్తుంది. ఆవిడ లేచేసరికి మామగారు మెలకువగా ఉంటారు కనక గురక ఉండదు. పక్కన మొగుడు కళ్లు మూసుకుని పళ్లు నూరుతూ ఉంటాడు. ఇంకేం, దొంగ దొరికాడు.

"గురక పెట్టేది మీ నాన్న," అన్నాడు జేబులాయన.

"మా నాన్నా? మా అమ్మ ముప్ఫై ఏళ్లు ఆ పక్కనే పడుకుంది. ఒక్కనాడన్నా ఒక్క మాట అనలేదు."

"మీ అమ్మకి చెవుడు కదే!"

"పోయిన మనిషిని మధ్యలోకి లాగకండి."

లాగింది నువ్వే అనుకుంటూ దిండు చంకన పెట్టుకున్నాడు. ఆ రాత్రి నుంచి ఆయన పక్క వంటగదిలోకి మారింది. తల గ్యాసు సిలిండరు వైపు, కాళ్లు ఫ్రిజ్జు వైపు. ఫ్రిజ్జు దాని గోల అది పెడుతుంది. దాన్ని దాటుకుని మామగారిది వస్తూనే ఉంది. ఇంత చేసినా మామగారు మాత్రం, "అల్లుడి గురక వంటింట్లోంచి కూడా వినబడుతోందమ్మా" అని పొద్దున్నే ఫిర్యాదు.

"రుజువు చూపించండి," అంది భార్య చివరికి. "రుజువుంటే మీ పక్క మీకిచ్చేస్తా. నాన్నకి నేనే చెబుతా."

ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. చెయ్యి రెండుగా వేలాడుతున్నా సరే, ఫిల్ము కడిగి చూడనిదే విరిగిందని ఒప్పుకోదు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ డ్యూటీలో ఉన్నప్పుడు మామగారు భోంచేసి నడుం వాల్చారు. జేబులాయన చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి, ఫోను ఆయన దిండు పక్కన పెట్టి రికార్డింగ్ నొక్కాడు. ముందు సన్నగా ఈల. తర్వాత బిందెలో నీళ్లు గుడగుడ. చివర బండి స్టార్టవబోయి ఆగిపోయిన చప్పుడు. మళ్లీ ఈల. ఇంత స్పష్టమైన సాక్ష్యం ఏ కోర్టులోనూ ఉండదు. సోమవారం సాయంత్రం మామగారి ఎదుటే భార్యకి వినిపించాలని ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ సంతోషంలో ఆ రాత్రి కాస్త కునుకు కూడా పట్టింది.

సోమవారం ఎండ మండిపోయింది. జేబులాయన పరాయి జేబులన్నీ తిరగేసి, బట్టలు మెషీన్లో కుక్కి, చెమటకి తడిసిన తన చొక్కా విప్పి అందులోకే విసిరి తలుపేశాడు. తన జేబు చూడలేదు. ఒంటి మీదున్న జేబుని జేబు అనుకోలేదాయన.

కాసేపటికి ఫోను కావాల్సి వచ్చి బల్ల మీద చూశాడు, బల్ల కింద చూశాడు, పన్ను పెట్టిన డబ్బాలో కూడా చూశాడు.

"చెల్లెమ్మా, నా నంబరుకి ఒకసారి కొట్టవూ? ఎక్కడ పెట్టానో," అని పక్క షాపు టైలరమ్మని అడిగాడు.

ఆవిడ కొట్టింది. ఇద్దరూ చెవులు రిక్కించారు. మెషీన్లోంచి పాట వచ్చింది. అద్దంలోంచి చూస్తే నురగలో ఫోను వెలుగుతూ, ఒకసారి దుప్పటి పక్కనుంచి, ఒకసారి హెడ్ గుమస్తా బనీను పక్కనుంచి తిరుగుతోంది. తెర మీద "టైలరమ్మ" అని పేరు కూడా చదవొచ్చు.

"అన్నా, ఎత్తు మరి," అందావిడ.

ఆ మెషీనుకి నీళ్లు దిగేదాకా తలుపు తెరుచుకోదు. జేబులాయన అద్దానికి ముక్కు ఆనించి, పాట ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత పాట లేకపోయినా నిలబడ్డాడు.

"ఊళ్లోవాళ్ల జేబులన్నీ దులుపుతావు, నీ జేబు నువ్వు చూసుకోవద్దూ?"

"ఫోను పోతే పోయింది చెల్లెమ్మా. అందులో మా మామ ఉన్నాడు."

సంగతి విని టైలరమ్మ సూది నోట్లో పెట్టుకుని నవ్వలేక నవ్వింది.

ఫోను బయటికి వచ్చింది. మంచి సబ్బు వాసన వేస్తోంది. తెర నల్లగా ఉంది గానీ మూలనున్న చిన్న ఎర్రటి చుక్క ఇంకా మిణుకుమంటోంది. ప్రాణం ఉందన్నమాట. జేబులాయన దాన్ని తువ్వాల్లో చుట్టి పిండబోయాడు. తర్వాత క్లిప్పు పెట్టి తీగ మీద ఆరేశాడు. దానికీ ఓపిక లేక ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.

"అన్నా! దించు ముందు!"

"సిల్కు మీద పెట్టేంత వేడేనమ్మా."

"దించంటుంటే!"

అప్పటికే ఆవిడ సెల్లు డాక్టరుకి ఫోను కలిపింది. వీధి చివర ఫోన్లు బాగుచేసే కొట్టుకి, అందులో కూర్చునే ఆయనకి, రెండింటికీ అదే పేరు. ఆయన మందు చీటీ రాసినట్టు చెప్పాడు: "ఆన్ చెయ్యొద్దు. ఛార్జింగ్ అసలే పెట్టొద్దు. ఫ్యాను కింద పెట్టి, పూర్తిగా ఆరాక తీసుకురండి."

లాండ్రీలో ఆవిరికి గోడలే చెమర్చి ఉంటాయి, ఫోనెక్కడ ఆరుతుంది? ఇంటికి తీసుకెళ్లి మామగారి చేతికే అప్పగించాడు. లోపల ఏముందో చెప్పలేదు.

"ఫోను నీళ్లలో పడింది మామయ్యా. ఈ ఫ్యాను కింద పెడుతున్నా. ఆరేదాకా కాస్త కనిపెట్టి ఉండండి."

"నీళ్ల సంగతి నాకు చెబుతావేంటి అల్లుడూ," అన్నారు మామగారు. కుర్చీ జరుపుకుని, కళ్లజోడు తుడుచుకుని, ఎదురుగా కూర్చున్నారు. బతుకంతా మీటర్ల ముందు కూర్చున్న మనిషి, రిటైరయ్యాక ఎవరూ ఏ పనీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం నిద్ర కూడా మానుకున్నారు.

భోజనాల వేళ దాటాక జేబులాయన టైలరమ్మ ఫోన్లోంచి ఇంటికి చేశాడు.

"మామయ్యా, ఆరిందా?"

"ఇంకా లేదు. నేను రెప్ప వాల్చలేదు."

మరికాసేపటికి మళ్లీ.

"ఇప్పుడో?"

"ఆరిపోయింది అల్లుడూ! ఇదిగో, నా కళ్లముందే ఆరిపోయింది."

"పూర్తిగానా?"

"పూర్తిగా. చుక్క లేదు."

జేబులాయన ఆగలేకపోయాడు. డాక్టరు చెప్పింది ఆరేదాకానే కదా, ఆరిపోయాక ఛార్జింగ్ పెడితే ఏం? సాయంత్రానికి మామ గొంతు మోగాలి.

"అయితే ఛార్జింగ్ పెట్టండి."

"నేనూ అదే అనుకుంటున్నా," అన్నారు మామగారు.

టప్ మని ఒక చప్పుడు ఫోన్లోంచి వినబడింది. తర్వాత ఫ్యాను రెక్కలు నెమ్మదించిన చప్పుడు. తర్వాత, "ఫ్యూజు పోయింది అల్లుడూ, కంగారు పడకు, ఫ్యూజు నేను వేస్తా," అని హుషారుగా మామగారి గొంతు.

జేబులాయన పరిగెత్తుకుంటూ ఇంటికి వెళ్లేసరికి ఫోను అడుగున చిన్న నీటి మడుగు ఉంది.

"ఆరిపోయిందన్నారు కదా!"

"ఆరిపోయింది కాబట్టే ఆరిపోయిందన్నా."

"మరి ఈ నీళ్లేంటి?"

"నీళ్ల మాట నేనెక్కడ అన్నాను? లైటు ఆరిపోయిందన్నాను. ఆ మూల ఎర్ర చుక్క."

"లైటు గురించి ఎవరడిగారు మామయ్యా? ఆరిందా అని అడిగా!"

"అదే కదయ్యా, లైటుని కాకపోతే ఇంకేం అడుగుతారు? ముప్ఫై ఏళ్లు పంపు మీటరు మీది ఎర్ర లైటు గురించి మా సూపర్‌వైజరు అడిగింది అదే. ఆరిందా అనేవాడు, ఆరిపోయింది అనేవాణ్ని, కరెంటు ఇమ్మనేవాడు."

లాండ్రీవాడికి ఆరేది బట్ట. పంపు ఆపరేటరుకి ఆరేది దీపం. ఒకే మాట, ఇద్దరూ వాళ్ల వాళ్ల ఉద్యోగంలో విన్నారు.

సాయంత్రం ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చింది. ముగ్గురూ సెల్లు డాక్టరు దగ్గరికి బయల్దేరారు. రుజువు ఏంటో చూద్దామని ఆవిడ, ఫ్యూజు పోయిన తీరు తనే వివరించాలని మామగారు, ఏడుపు ముఖంతో జేబులాయన.

డాక్టరు ఫోను విప్పాడు. నురగ వచ్చింది.

"దీన్ని ఎవరన్నా ఉతికారా?"

జేబులాయన గ్లాసు బీరువాలో ఫోను కవర్లు చూడ్డం మొదలెట్టాడు.

ఆయన బ్రష్షు పెట్టి తోమి, స్పిరిట్ పూసి, వేడి గాలి కొట్టి, వేరే బ్యాటరీ తగిలించాడు. తెర ఒక పక్క ఆకుపచ్చగా, ఒక పక్క ఊదాగా వెలిగింది. జేబులాయన రికార్డింగ్ వెతికి నొక్కాడు.

"విను," అన్నాడు భార్యతో.

సన్నగా ఈల. ఆ తర్వాత బిందెలో నీళ్లు గుడగుడ.

"లోపల ఇంకా నీళ్లున్నాయి," అన్నాడు డాక్టరు.

"నీళ్లు కాదండీ! అది మా మామయ్య!"

"నేను నీళ్లేంటయ్యా?" అన్నారు మామగారు. ముందుకు వంగి చెవి పెట్టారు. శ్రద్ధగా విన్నారు. "డాక్టరుగారు చెప్పింది కరెక్టు. నీళ్లే. పైపులో గాలి చేరి నీళ్లు వెనక్కి తన్నుతున్నప్పుడు వచ్చే చప్పుడిది. నిద్రలో లేపి అడిగినా చెబుతా."

"నిద్రలో లేపితే ఆగిపోతుంది కదా, అదే గోల!" అన్నాడు జేబులాయన. ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు.

ఆవిడ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఫిల్ముని వెలుతురుకి పెట్టి చూసినట్టు అటూ ఇటూ తిప్పింది. "ఇందులో నాన్న ఎక్కడున్నారండీ? గుడగుడ తప్ప ఏం లేదు," అంది. ఆయన పక్కకి ఇక వంటగదే గతి అని ఆ గొంతులోనే ఉంది.

"స్పీకరు తీసి ఆరబెడతా, అలా కూర్చోండి," అన్నాడు డాక్టరు.

కూర్చోవడానికి ఉన్నది ఒకే మెత్తటి కుర్చీ. అందులో మామగారు కూర్చున్నారు. డాక్టరు పళ్లు బిగించి స్క్రూలు తీస్తున్నాడు, జేబులాయన ఆయన భుజం మీంచి చూస్తున్నాడు, ఆవిడ తన ఫోన్లో ఏదో చూసుకుంటోంది.

కాసేపటికి గుడగుడ మళ్లీ మొదలైంది.

"ఇంకా ఉన్నాయి చూశారా," అని డాక్టరు స్పీకరు ఊడబెరికాడు. గుడగుడ ఆగలేదు. బ్యాటరీ తీసేశాడు. ఆగలేదు. ఫోను మొత్తం విప్పి, ముక్కల్ని ట్రేలో విడివిడిగా పరిచాడు. బండి స్టార్టవబోయి ఆగిన చప్పుడు వచ్చింది.

డాక్టరు చేతులు ట్రే మీంచి వెనక్కి తీసుకున్నాడు. "బ్యాటరీ లేదండీ దీనికి," అన్నాడు చిన్నగా. ఖాళీ డొప్ప పట్టుకుని చెవి దగ్గర ఊపి చూశాడు.

ముందుగా తల తిప్పి చూసింది ఆవిడే. కుర్చీలో మామగారి తల వెనక్కి వాలి ఉంది. నోరు పైకప్పుకేసి తెరిచి ఉంది. ఈల, గుడగుడ, బండి. గ్లాసు బీరువాలో ఫోను కవర్లు సన్నగా అదురుతున్నాయి.

ఎవరూ లేపలేదు. ఆయనే, తన చప్పుడుకే ఉలిక్కిపడి లేచారు.

"అదుగో, మళ్లీ మొదలెట్టాడమ్మా మీ ఆయన! ఇక్కడ కూడా కునుకు తియ్యనివ్వడు!"

"నాన్నా, ఆయన నిలబడి ఉన్నారు."

మామగారు అల్లుణ్ని కిందనుంచి పైదాకా చూశారు.

"నిలబడి కూడా పెడతాడా?"

ఇంటికి వెళ్లే దారిలో ఆవిడ తీర్పు చెప్పింది. తప్పు నాన్నదే. కానీ మోకాలు బాగాలేని మనిషిని మంచం దించలేం, ఆయన అక్కడుంటే మీకు నిద్ర పట్టదు. కాబట్టి మోకాలు నయమయ్యేదాకా మీరు రాత్రిళ్లు లాండ్రీలో పడుకోండి. శిక్షగా కాదు, హాయిగా. కొత్త దుప్పటి కూడా ఇస్తానంది.

జేబులాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ రాత్రి షట్టరు దించుకుని, ఇస్త్రీ బల్ల మీద పక్క వేసుకుని, నెల రోజుల బాకీ నిద్రంతా ఒకేసారి పోయాడు.

మంగళవారం షట్టరు లేచేసరికి పది దాటింది. బయట ఆరుగురు మూటలతో నిలబడి ఉన్నారు. టైలరమ్మ కూడా ఉంది.

"తలుపు కొట్టొచ్చు కదా చెల్లెమ్మా!"

"కొడదామనే వచ్చాం అన్నా. లోపల మెషీను గుడగుడమని తిరుగుతోంది కదా, పనిలో ఉన్నావేమోనని ఆగాం."

జేబులాయన వెనక్కి తిరిగి మెషీను వైపు చూశాడు. ఆ రోజు దాన్ని ఇంకా వెయ్యలేదు.